కోల్ష్ బీరు: 16 డిగ్రీల బేస్‌మెంట్ సరిపోతుందా?

బేస్‌మెంట్ బ్రూ (ఎడిసన్, న్యూజెర్సీ)

అందరికీ నమస్కారం. జర్మనీలోని ఆఖెన్‌లో ఎం.ఎస్. చదివే రోజుల్లో శనివారం వస్తే చాలు, రైలెక్కి కొలోన్ వెళ్లిపోయేవాళ్లం. గంట ప్రయాణం. కేథడ్రల్ వెనక సందుల్లో తాగిన ఆ ఊరి బీరు కోల్ష్ రుచి ఇంకా నాలుక మీదే ఉంది. లేత బంగారు రంగు, ఆపిల్‌నో పేర్ పండునో గుర్తు చేసే చిన్న వాసన, చివర్లో పొడిగా, శుభ్రంగా దిగిపోవడం. ఇక్కడ దొరికే దిగుమతి సీసాల్లో ఆ తాజాదనం కనపడట్లేదు. అందుకే ఇంట్లోనే చేయాలని గట్టిగా అనుకున్నాను.

ఐపీఏలు (చేదు ఎక్కువ ఉండే బీరు), స్టౌట్‌లు (నల్ల బీరు) చేసిన అనుభవం ఉంది. చల్లగా పులియబెట్టడం మాత్రం ఇదే మొదలు. అనుకున్నది ఇదీ: 19 లీటర్లకు 3.9 కిలోల పిల్స్‌నర్ మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన లేత రంగు బార్లీ), 300 గ్రాముల గోధుమ మాల్ట్. 65 డిగ్రీల దగ్గర గంటసేపు మాష్ (మాల్ట్‌ని వేడి నీళ్లలో నానబెట్టడం). 90 నిమిషాలు మరిగించడం, మొదటి అరగంట అయ్యాక 45 గ్రాముల హాలర్‌టావ్ మిటెల్‌ఫ్రూ హాప్స్ (చేదు, వాసన ఇచ్చే పువ్వులు). మొదటి గ్రావిటీ (చక్కెర ఎంతుందో చెప్పే సాంద్రత) 1.048 రావాలి. ఈస్ట్ వైయీస్ట్ కంపెనీ వాళ్ల 2565 (కోల్ష్ రకం), ఒక ప్యాకెట్ ఫ్రిజ్‌లో ఉంది.

నా టెన్షన్ అంతా వేడిమి గురించే. ఈ చలికాలంలో మా బేస్‌మెంట్ రాత్రీ పగలూ 16 డిగ్రీలు ఉంటోంది (సెల్సియస్‌లోనే రాస్తున్నా). బకెట్ అక్కడ పెట్టి వదిలేస్తే చాలా? ఎన్నాళ్లు ఉంచాలి? ఈ ఈస్ట్ అడుగుకు దిగదని చాలామంది అంటున్నారు, మరి బీరు తేటగా అవ్వాలంటే ఏం చేయాలి? ఏప్రిల్‌లో ఆఖెన్ బ్యాచ్ స్నేహితులంతా మా ఇంటికి వస్తున్నారు. వాళ్లకు ఆ గ్లాసే ఇవ్వాలని నా కోరిక.

మాల్ట్ మేస్త్రి (కొలంబస్, ఒహాయో)

బ్రదర్, మీ రెసిపీకి ఢోకా లేదు. చూసుకోవాల్సింది ఆ 16 డిగ్రీలనే. అది మీ గది గాలి వేడిమి. బకెట్ లోపల లెక్క వేరు. ఈస్ట్ చక్కెర తినేటప్పుడు వేడి పుడుతుంది. పని జోరుగా సాగే రెండో మూడో రోజుల్లో లోపల బయటికంటే మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువ ఉండటం మామూలే. అంటే మీరు 16 అనుకుంటున్నది 19, 20కి పోతుంది. 2565కి దాన్ని తయారు చేసేవాళ్లు చెప్పే పరిధి 13 నుంచి 21 దాకా కాబట్టి ఈస్ట్‌కి ఏమీ కాదు. కానీ పై అంచుకి వెళ్లేకొద్దీ పళ్ల వాసన ముదురుతుంది. స్టౌట్‌లో అయితే మాడిన మాల్ట్ కింద అది దాగిపోతుంది, ఐపీఏలో హాప్స్ కింద దాగిపోతుంది. కోల్ష్‌లో దాన్ని కప్పేది ఏదీ లేదు, గ్లాసు ముక్కు దగ్గరికి తేగానే తెలిసిపోతుంది.

నేను ఎప్పుడూ చేసే పద్ధతి చెప్తా. ముందు వర్ట్‌ని (ఇంకా పులియని తీపి రసాన్ని) 14 దాకా చల్లార్చి, అప్పుడే ఈస్ట్ వేయండి. వేడిగా ఉన్నప్పుడు వేసి తర్వాత చల్లబడుతుందిలే అనుకోవద్దు, వాసనలకు పునాది పడేది ఆ మొదటి రెండు మూడు రోజుల్లోనే. థర్మామీటర్ వైరు కొసని బకెట్ పక్కన, బీరు మట్టానికి కింద ఆనించి, పైన నాలుగు మడతలు వేసిన గుడ్డ పెట్టి టేపుతో బిగించండి. గుడ్డ లేకపోతే అది గది గాలినే చూపిస్తుంది. బీరు 15, 16 దాటకుండా చూసుకోండి. గ్రావిటీ 1.020 దగ్గరికి దిగాక 18 దాకా పోనివ్వండి. అప్పుడు ఈస్ట్ తను వదిలిన వెన్న వాసననీ, పచ్చి ఆపిల్ వాసననీ తనే తినేసి శుభ్రం చేస్తుంది. మధ్యలో ఎయిర్‌లాక్ (బకెట్ మూతకు గాలి బయటికి పోయే గొట్టం) దగ్గర ఉడికిన గుడ్డు వాసన కొంచెం వచ్చినా కంగారు పడొద్దు, చల్లగా నిలవ ఉంచితే పోతుంది.

ఇంకో ముఖ్యమైన మాట. ఒక ప్యాకెట్ చాలదు. తాజా ప్యాకెట్‌లో సుమారు 100 బిలియన్ కణాలు ఉంటాయి. ఇంత చల్లగా చేసే 19 లీటర్లకు 200 బిలియన్లయినా కావాలి. 200 గ్రాముల పొడి మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్‌తో రెండు లీటర్ల స్టార్టర్ (ఈస్ట్‌ని ముందుగా పెంచుకునే చిన్న పులియబెట్టు) చేసుకోండి. అది పులిశాక ఒక రాత్రి ఫ్రిజ్‌లో పెట్టి, పైన తేరిన నీళ్లు వంపేసి, అడుగున ఉన్న ముద్ద మాత్రం వేయండి. ఇలా చేసినా నురగ కనపడటానికి ఒకటిన్నర రోజు పట్టొచ్చు. చలికాలంలో ఇడ్లీ పిండి పొంగడానికి ఆలస్యమైనట్టే ఇదీ. తొందరపడి వేడి గదిలోకి మార్చకండి.

ఎండల ఊరు (ప్లేనో, టెక్సస్)

మేస్త్రి గారి మాటకు నాదో ముక్క. మాకు బేస్‌మెంట్‌లు ఉండవు, గదిలో 23 ఉంటుంది. అయినా కోల్ష్ చేస్తాం. పెద్ద ప్లాస్టిక్ టబ్బులో బకెట్ పెట్టి, బీరు మట్టంలో సగానికి పైగా నీళ్లు పోసి, పొద్దునా రాత్రీ గడ్డకట్టిన నీళ్ల సీసా మారుస్తూ ఉంటే 16లో నిలబడుతుంది. మీది ఎలాగూ 16 గది కాబట్టి ఉత్త నీళ్ల టబ్బే చాలావరకు సరిపోతుంది. అన్ని నీళ్లు ఉంటే బీరు వేడి ఒక్కసారిగా పైకి లేవదు. జోరు రోజుల్లో మాత్రం చిన్న ఐస్ సీసా ఒకటి దగ్గర పెట్టుకోండి.

రైన్ ఒడ్డు (కొలోన్)

ఆఖెన్ వాళ్లంటే మాకు పక్కింటి వాళ్లేనండీ! మీ ప్రశ్న చూసి చాలా సంతోషం వేసింది. నేను ఇక్కడ ఎహ్రెన్‌ఫెల్డ్‌లో ఉంటాను.

గోధుమ విషయంలో మాత్రం మేస్త్రి గారితో నేను ఒప్పుకోను. ఇక్కడి కోల్ష్‌లో గోధుమ మాల్ట్ అరుదు. ఆ 300 గ్రాములు తీసేసి వియన్నా మాల్ట్ (కొంచెం ఎక్కువ వేయించిన బార్లీ) వేయండి, లేదా మొత్తం పిల్స్‌నర్‌తోనే చేయండి. గోధుమ వేస్తే నురగ బాగుంటుంది, నిజమే. కానీ ఆ పొడిగా దిగే చివర కొంచెం మెత్తబడుతుంది.

తేటదనం గురించి అడిగారు. 1986లో ఇక్కడి 24 బ్రూవరీలు కలిసి సంతకం చేసిన కోల్ష్ ఒప్పందంలోనే బీరు లేత రంగులో, హాప్స్ తెలిసేలా, తేటగా, పైన పులిసే ఈస్ట్‌తో చేసినదై ఉండాలని రాసుకున్నారు. కాబట్టి మీ పట్టుదల సరైనదే. వడకట్టని రకం కూడా ఉంది, దాన్ని వీస్ అంటారు. మసకగా ఉన్నా రుచికి లోటు ఉండదు.

ఇచ్చేటప్పుడు గ్లాసు సంగతి మరిచిపోకండి. నిటారుగా, సన్నగా, 0.2 లీటర్లు పట్టే గ్లాసే కావాలి. ఫ్రీజెన్‌స్ట్రాసెలోని పెఫ్‌గెన్‌లో ఇప్పటికీ చెక్క పీపాల నుంచే పోస్తారు. గ్లాసు ఖాళీ అవ్వగానే అడక్కుండానే ఇంకోటి పెట్టి, గ్లాసు కింది అట్ట మీద పెన్సిల్‌తో గీత గీస్తారు. వద్దనుకుంటే ఆ అట్టని గ్లాసు మీద మూత పెట్టాలి, మీకు గుర్తుండే ఉంటుంది. ఆ చిన్న గ్లాసులో బీరు వేడెక్కేలోపే, నురగ చచ్చేలోపే అయిపోతుంది. అరలీటరు గ్లాసుల్లో పోస్తే మీరు ఇంత చల్లగా పులియబెట్టిన కష్టం సగం పోతుంది.

బేస్‌మెంట్ బ్రూ

మేస్త్రి గారూ, అందరికీ చాలా థాంక్స్. అట్ట మూత గుర్తొచ్చి ఇంట్లో అందరికీ చెప్పాను. గోధుమ బదులు వియన్నా తెస్తా, టబ్బు కూడా ఉంది. రెండు సందేహాలు మిగిలాయి. తేటగా అవ్వడానికి జెలటిన్ వేయమంటారు, కానీ వచ్చేవాళ్లలో ఇద్దరు పూర్తి శాకాహారులు, వాళ్లకు అది పోయడం నాకు ఇష్టం లేదు. రెండోది, కెగ్ (బీరు నిలవ ఉంచే లోహపు పీపా) లేదు, చలిలో నిలవ ఉంచాలంటే నాకున్నది వంటింటి ఫ్రిజ్ ఒక్కటే.

మాల్ట్ మేస్త్రి

జెలటిన్ విషయంలో మీరు ఆలోచించింది సరైన పని. అది జంతువుల నుంచి వచ్చేదే. బయోఫైన్ క్లియర్ అని సిలికాతో చేసిన ద్రావణం దొరుకుతుంది, దాంట్లో జంతువుల సరుకేమీ లేదు. మరిగే చివరి 15 నిమిషాల్లో ఐరిష్ మాస్ వేస్తే ప్రొటీన్ అక్కడే దిగిపోతుంది. అది సముద్రపు నాచు, ఇబ్బంది లేదు.

ఫ్రిజ్ ఒక్కటే ఉంటే సీసాల్లోనే నిలవ ఉంచండి. గ్రావిటీ 1.010 దగ్గర మూడు రోజులు కదలకుండా ఉందంటే పులియడం అయిపోయినట్టే. 19 లీటర్లకు 115 గ్రాముల పంచదార కలిపి సీసాల్లో పోసి, మామూలు గదిలో రెండు వారాలు ఉంచండి. తర్వాత ఫ్రిజ్‌లో నిలబెట్టి నాలుగు వారాలు. ఈ ఈస్ట్ సీసా అడుగున గట్టిగా అతుక్కోదు, చిన్న కుదుపుకే లేస్తుంది. కాబట్టి పడుకోబెట్టకండి, పోసేటప్పుడు ఆఖరి రెండు వేళ్ల మందం సీసాలోనే వదిలేయండి.

ఏప్రిల్‌కి అందాలంటే ఫిబ్రవరి మొదటి వారానికల్లా బీరు బకెట్‌లో ఉండాలి. స్టార్టర్ ఈ వారమే మొదలుపెట్టండి. గ్రావిటీ 1.020 తగిలిన రోజు ఒక చుక్క రుచి చూసి ఎలా ఉందో ఇక్కడ రాయండి, దాన్నిబట్టి టబ్బులోంచి ఎప్పుడు తీయాలో చెప్తాను.