ఇంటర్ బైపీసీ తరువాత డిగ్రీలో సైకాలజీ: మా అమ్మాయిని చేర్పించవచ్చునా?

ప్రశ్న (ఒక తండ్రి, హనుమకొండ):
మా అమ్మాయి ఈ ఏడాది ఇంటర్ బైపీసీ పూర్తిచేసింది. నీట్‌లో అనుకున్న ర్యాంకు రాలేదు. మళ్ళీ లాంగ్‌టర్మ్ కోచింగ్‌కు వెళ్ళనని, దోస్త్‌లో (తెలంగాణ డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశాల్లో) సైకాలజీ ఉన్న కోర్సులకే ఆప్షన్లు పెడతానని పట్టుబడుతోంది. "పిచ్చివాళ్ళ చదువు" అని బంధువులు వేసే ఎకసెక్కాలను నేను పట్టించుకోను. అయితే మూడేళ్ళు చదివి కౌన్సెలర్‌గా బోర్డు పెట్టుకుంటానన్న ఆమె నమ్మకం ఎంతవరకు నిలుస్తుందో అనుభవజ్ఞులు చెప్పగలరు.

జవాబు (క్లినికల్ సైకాలజిస్ట్):
అయ్యా, డిగ్రీతో ఆ బోర్డు నిలవదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, మానసిక రోగులకు చికిత్స చేసే క్లినికల్ సైకాలజిస్ట్ అంటే ఎవరో స్పష్టంగా నిర్వచించింది: భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ, గుర్తించిన అర్హత ఉండాలి, లేదా సైకాలజీలో పీజీ చేశాక పర్యవేక్షణలో రోగులతో పనిచేస్తూ రెండేళ్ళ ఎంఫిల్ పూర్తిచేసి ఉండాలి. నేను నడిచిన దారి ఈ రెండవదే. డిగ్రీ మూడేళ్ళు, పీజీ రెండేళ్ళు, ఎంఫిల్ రెండేళ్ళు కలిపి ఏడేళ్ళు పట్టింది. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ వంటి చోట్ల సీట్లు కొద్ది, పోటీ ఎక్కువ. ఎంఫిల్‌ను యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) 2022లో ఎత్తివేసి, క్లినికల్ సైకాలజీకి మాత్రం 2025-26 వరకు ప్రవేశాలకు వెసులుబాటు ఇచ్చింది కనుక, మీ అమ్మాయి అక్కడికి చేరేసరికి కోర్సు పేరు మారి ఉంటుంది. ఆస్పత్రి వార్డులో గడపవలసిన కాలం మాత్రం తప్పదని నా అభిప్రాయం. ఇంకొకటి, మేము మందులు రాయము. అది ఎంబీబీఎస్ తరువాత సైకియాట్రీలో ఎండీ చేసినవారి పని. ఆమె మనసులో ఉన్నది ఈ రెండింటిలో ఏదో ముందుగా అడగండి.

జవాబు (డిగ్రీ కళాశాల అధ్యాపకురాలు):
పై వారు చెప్పినది సరైనదే. కానీ అందరూ ఆస్పత్రికే వెళ్ళరు. బోధన, పరిశోధన, పాఠశాలల్లో కౌన్సెలింగ్, సంస్థల్లో మానవ వనరుల విభాగం కూడా ఉన్నాయి, సివిల్స్‌లో ఇది ఐచ్ఛికాంశం కూడా. నా దగ్గరకు వచ్చే పిల్లల్లో చాలామంది ఎదుటివారి మనసు చదవడం నేర్పుతారనుకొని చేరతారు. తీరా మొదటి ప్రాక్టికల్‌లో అద్దంలో చూస్తూ నక్షత్రం గీయించి, ఎన్ని తప్పులు పోయాయో లెక్క కట్టమంటే వారి ముఖాలు వాడిపోతాయి. కొసల్లోని బాణపు గుర్తుల వల్ల పొడవు తేడాగా కనిపించే ముల్లర్-లయర్ గీతల పొడవును కంటితో సరిచేయించడం, జ్ఞాపకశక్తి పరీక్షలు, వాటి ఫలితాలపై గణాంకశాస్త్రం, ఇదే మా రోజువారీ పాఠం. తన బాధకు మందు వెతుక్కుంటూ ఈ చదువులోకి వచ్చేవారు ముందుగా ఒక కౌన్సెలర్‌ను కలవడం మేలు; తరగతి గది ఆ పని చేయదు.

జవాబు (ఉద్యోగి, హైదరాబాద్):
నేను బీఏ సైకాలజీ చదివి, ఇప్పుడు నియామకాల విభాగంలో పనిచేస్తున్నాను. జీతానికి లోటు లేదు. కానీ మధ్యలో ఆరు నెలల కౌన్సెలింగ్ డిప్లొమా ఒకటి చేసి, దానితో ప్రాక్టీసు పెట్టవచ్చన్న వారి మాట నమ్మి డబ్బు పోగొట్టుకున్నాను. ఆ సర్టిఫికెట్‌ను ఏ ఆస్పత్రీ లెక్కచేయలేదు. ఉద్యోగం చేసుకుంటూ దూరవిద్యలో పీజీ చేద్దామంటే, 2025 జులై-ఆగస్టు ప్రవేశాల నుంచి సైకాలజీని దూరవిద్యలోను, ఆన్‌లైన్‌లోను నడపరాదని యూజీసీ ఆదేశించింది. రెగ్యులర్‌గా చదివించగలిగితేనే చేర్పించండి.

ప్రశ్న అడిగిన తండ్రి:
అందరికీ కృతజ్ఞతలు. మీ జవాబులు ఆమెకు చూపించాను. మందులు రాయాలన్న కోరిక లేదట, ఏడేళ్ళకూ సిద్ధమేనట. పదో తరగతితో వదిలేసిన లెక్కలే భయమంటోంది.

జవాబు (అధ్యాపకురాలు):
డిగ్రీలో సగటు, ప్రామాణిక విచలనం, సహసంబంధం, టీ-పరీక్ష వరకు ప్రధానంగా ఉంటుంది. బైపీసీ పిల్లలు ఒక సెమిస్టరులో అలవాటుపడతారు. ఆప్షన్లు పెట్టే ముందు మీరిద్దరూ ఆ కళాశాలకు వెళ్ళి, సైకాలజీకి పూర్తికాలపు అధ్యాపకులు ఎందరున్నారో అడగండి. ల్యాబ్ ఉందని చెబితే, తలుపు తీయించి చూడండి.