రూ. 25 వేలలో షెడ్డు పెట్టాలి: పేరు లేని చవక పనిముట్లు కొనవచ్చా?

దేవరకొండ రేకుల షెడ్డు

ఆరేళ్లు హైదరాబాద్‌లో ఒక మేస్త్రీ దగ్గర గేట్లు, గ్రిల్స్ పని చేశాను. ఇప్పుడు సొంతంగా మొదలుపెడదామని దేవరకొండలో రోడ్డు పక్కన రేకుల షెడ్డు అద్దెకు తీసుకున్నాను. చేతిలో 25 వేలు ఉన్నాయి. వచ్చే పనులు గేట్లు, ట్రాక్టర్ ట్రాలీల మరమ్మతులు, బోరు మోటార్లకు స్టాండ్లు. వెల్డింగ్ మెషిన్, 4 అంగుళాల గ్రైండర్, డ్రిల్లు, పానాల సెట్టు, ఇనుమును దవడల మధ్య బిగించి పట్టే బెంచ్ వైస్ కావాలి. పేరున్న కంపెనీలవి కొంటే రెండు మూడు వస్తువులకే డబ్బు అయిపోతుంది. పేరు లేనివైతే అన్నీ వచ్చి, వెల్డింగ్ రాడ్ల ప్యాకెట్లకు కూడా మిగులుతుంది. మా మేస్త్రీకి ఫోన్ చేస్తే "ఒక్కటే కొను, మంచిది కొను, మిగతావి అరువు తెచ్చుకో" అన్నాడు. పనివాణ్ణి పనిముట్టు అరువు అడిగితే ఎవరైనా ఇస్తారా? మీరేమంటారు?

మిల్లు ఫిట్టర్, మిర్యాలగూడ

అరువు సంగతి వదిలేస్తే మీ మేస్త్రీ మాటే నా మాట. నేను రైస్‌మిల్లులో పనిచేస్తాను. వానాకాలం వడ్లు వచ్చే రోజుల్లో గేటు బయట బళ్లు వరుస కట్టి ఉంటాయి. అలాంటి ఒక రాత్రి వడ్లను పైకి మోసే ఎలివేటర్ దగ్గర 19 నంబరు బోల్టు విప్పాల్సి వచ్చింది. స్టోరుకు కొత్తగా వచ్చిన పానా వేసి లాగితే దాని నోరు తెరుచుకుంది, బోల్టు మూలలు గుండ్రమైపోయాయి. పది నిమిషాల పని. బోల్టు కోసి తీసేసరికి తెల్లవారింది. పానాల సెట్టు మొత్తం ధర రూ. 400. ఆ రాత్రి యజమాని నన్ను అన్న మాటలకు ధర ఎవరు కడతారు?

ఆ పానాపై "క్రోమ్ వెనేడియం" అని నిగనిగలాడే అక్షరాలు కూడా ఉన్నాయి. అక్షరాలు కొట్టడానికి మంచి ఉక్కు అక్కర్లేదు కదా.

నకిరేకల్ బండి మెకానిక్

ఫిట్టర్ అన్న చెప్పింది మిల్లు లెక్క. ఈ తమ్ముడికి మిల్లూ లేదు, యజమానీ లేడు. నేను రూ. 600 పెట్టెతో మొదలుపెట్టాను. రెండేళ్లు తిరిగేసరికి రోజూ చేతిలో ఉండేవి 10, 12, 14 నంబర్లే అని తేలింది. ఆ మూడూ అరిగాక నాసిక్‌లో చేసే టపారియా కంపెనీవి తెచ్చుకున్నాను. మిగతావి ఇప్పటికీ కొత్త పెళ్లికూతురిలా మెరుస్తున్నాయి. అన్నీ ఖరీదైనవే కొని ఉంటే ఆ డబ్బంతా పెట్టెలో నిద్రపోయేది. ఏది అరుగుతుందో పని మొదలుపెట్టకముందు ఎవరికి తెలుస్తుంది?

మిల్లు ఫిట్టర్, మిర్యాలగూడ

10, 12, 14 బండి బోల్టులు. తుప్పు పట్టిన ట్రాలీ బోల్టు ఒక్కటి ఆ పెట్టెలోని పానాతో విప్పి చూపించండి, నా మాట వెనక్కి తీసుకుంటాను.

రివైండింగ్ షాపు, నల్లగొండ

కాలిన మోటార్లకు తీగ మళ్లీ చుట్టడం మా పని. మా దగ్గరకు ఎక్కువగా బోరు మోటార్లే వస్తాయి కానీ, గ్రైండర్లు కూడా వారానికి ఐదారు తగులుతాయి. లోపల విప్పి చూసేవాణ్ణి కాబట్టి గ్రైండర్ సంగతి చెబుతాను. పానాల పంచాయితీ మీరే తేల్చుకోండి.

ధర తరువాత. ముందు కార్బన్ బ్రష్‌లు, అంటే తిరిగే భాగానికి ఒరుసుకుంటూ కరెంటు అందించే బొగ్గు ముక్కలు, బయటి నుంచి విప్పి మార్చేలా మూతలు ఉన్నాయా చూడండి. బ్రష్ చివరిదాకా అరిగి, స్ప్రింగు బ్రష్ కింద తిరిగే రాగి పట్టీల కమ్యుటేటర్‌ను గీకిందంటే, తీగ చుట్టి ఉండే ఆ తిరిగే భాగం, అంటే ఆర్మేచర్, పోయినట్టే. నా దగ్గరకు కాలి వచ్చేవాటిలో ఎక్కువ భాగం ఈ కథే. రూ. 40 బ్రష్ మార్చడానికి బద్ధకించి రూ. 600 ఆర్మేచర్ కాల్చుకుంటారు. కొన్ని మంచి మెషిన్లలో బ్రష్ అరగగానే మోటారు దానంతట అదే ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది. అది ఉంటే నాలుగు డబ్బులు ఎక్కువ పెట్టినా తప్పులేదు.

రెండోది తీగ. రాగి రంగు పూతతో అల్యూమినియం తీగ చుట్టినవి వస్తున్నాయి. కొస గీకితే తెల్లగా బయటపడుతుంది, కానీ దుకాణంలో ఎవరు గీకనిస్తారు? ఒకే వాట్ల గ్రైండర్లు రెండు తీసుకుని రెండు చేతుల్లో పట్టి చూడండి. రాగి అల్యూమినియం కన్నా మూడు రెట్లకు పైగా బరువు. గేర్ల డబ్బా వల్ల కూడా బరువు మారుతుంది కాబట్టి ఇది పక్కా పరీక్ష కాదు, అనుమానానికి ఆధారం మాత్రమే.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇది. పేరు లేని మెషిన్లలో ఒక లాటుకూ ఇంకో లాటుకూ షాఫ్టు పొడవు మారుతుంది, గేరు పళ్లు మారతాయి. చూడటానికి అదే డబ్బా, అదే రంగు. ఆర్మేచర్ మాత్రం ఎక్కడా సరిపోదు. నేను సికింద్రాబాద్ రాణిగంజ్ దాకా వెతికి వట్టి చేతులతో తిరిగి వచ్చిన రోజులున్నాయి. అందుకే ఏ కంపెనీ మంచిది అని నన్ను అడిగితే, మీ ఊరి నుంచి ఒక బస్సు ఎక్కితే దాని ఆర్మేచర్ దొరుకుతుందా అని తిరిగి అడుగుతాను.

ఖరీదైనవి కాలవని మాత్రం అనుకోకండి. తిరిగే డిస్కు ఆగిపోయేంతగా నొక్కేవాడి చేతిలో ఏ కంపెనీదైనా పొగ వస్తుంది.

నకిరేకల్ బండి మెకానిక్

అన్నా, ఆర్మేచర్ 600, మీ కూలి 150. ఇంకో రూ. 350 వేస్తే కొత్త గ్రైండరే వస్తుంది. మరమ్మతు దొరుకుతుందా లేదా అని అంత ఆలోచన ఎందుకు?

రివైండింగ్ షాపు, నల్లగొండ

రోజుకు పావుగంట వాడేవాడికి మీ లెక్క సరైనదే, కాదనను. గేట్లు చేసేవాడి గ్రైండర్ రోజంతా తిరుగుతుంది. అది పెళ్లి ముందు రోజో, గృహప్రవేశం ముందు రోజో ఆగుతుంది. కొత్తది కొనడానికి డబ్బే కాదు, దుకాణం తెరిచి కూడా ఉండాలి.

పాలమూరు వడ్రంగి

మీరంతా కొత్తవాటి గురించే మాట్లాడుతున్నారు. బెంచ్ వైస్ కొత్తది ఎందుకు బాబూ? ఎర్రగడ్డలో ఆదివారం సంతకో, పాతబస్తీలో జుమ్మెరాత్ బజారుకో వెళితే పాత కర్మాగారాల వైసులు దొరుకుతాయి. దవడలు పూర్తిగా మూసి, వెలుతురుకు ఎదురుగా పట్టి సందు ఉందేమో చూడండి. స్క్రూను ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తిప్పి, ఎక్కడైనా పట్టేస్తుందేమో చూడండి. రంగు కొత్తగా, మందంగా ఉన్నచోట గోటితో గీకండి, పోత ఇనుము పగులును అతికి రంగు వేసి అమ్ముతారు. నా వైసు అలా కొన్నదే, వయసులో నా కొడుకు కన్నా పెద్దది.

ఉలి, చిత్రిక బ్లేడు కొనేటప్పుడు జేబులో చిన్న ఆకురాయి పెట్టుకుని వెళతాను. అంచు దగ్గర ఒక్కసారి గీస్తే చాలు. ఆకురాయి జారిపోతే ఉక్కును కాల్చి గట్టిపరిచినట్టు. కొరికితే అది మెత్తటి ఇనుము, సాన పట్టిన గంటకే మొద్దుబారుతుంది. దుకాణదారు మొహం మాడ్చుకుంటాడు, మాడ్చుకోనివ్వండి.

ఇంకొక మాట. కేంద్రం 2023 సెప్టెంబర్ 17న మొదలుపెట్టిన విశ్వకర్మ పథకంలో పనిముట్లకు రూ. 15 వేల దాకా ఇస్తారు. అందులోని 18 వృత్తుల్లో వడ్రంగం, కమ్మరం ఉన్నాయి, వెల్డింగ్ పేరు లేదు. ఇంట్లో కమ్మరి పని వారసత్వంగా చేసేవారు ఉంటే విచారించుకోండి.

దేవరకొండ రేకుల షెడ్డు

అందరికీ దండాలు. వైస్ సంగతి తేలింది. అసలు భయం వెల్డింగ్ మెషిన్ మీదే. 200 ఆంపులు అని రాసి ఉన్న ఇన్వర్టర్ రకం, అంటే లోపల ఎలక్ట్రానిక్ బోర్డుతో నడిచే చిన్న వెల్డింగ్ మెషిన్ రూ. 4,500కు ఇస్తామంటున్నారు. మామూలు 16 ఆంపుల ప్లగ్గుకు పెట్టుకోవచ్చు అంటున్నారు. నమ్మవచ్చా?

కల్వకుర్తి వెల్డర్

నమ్మే ముందు గుణించండి. చేతి వెల్డింగ్‌లో ఆర్క్ దగ్గర, అంటే రాడ్డు కొసన వెలిగే మంట దగ్గర, ఎన్ని వోల్టులో తెలుసుకోవడానికి లెక్క ఉంది: 20కి, ఆంపుల్లో నూటికి నాలుగు వంతులు కలపాలి. 200 ఆంపులకు 28 వోల్టులు. అంటే రాడ్డు దగ్గర 5,600 వాట్లు కావాలి. మీ ప్లగ్గు ఇచ్చేది 230ని 16తో గుణిస్తే 3,680 వాట్లు. నాలుగు లీటర్ల బిందెలో నుంచి ఆరు లీటర్లు పోస్తానంటే ఎలా? ఊళ్లో వోల్టేజి 180కి పడితే ప్లగ్గు ఇచ్చేది 2,880కి దిగుతుంది.

అయినా మీకు 200 అక్కర్లేదు. 12 నంబరు రాడ్డు అంటే 2.5 మిల్లీమీటర్లు, 60 నుంచి 90 ఆంపులు చాలు. గేట్లకు అదే. ట్రాలీకి 10 నంబరు, అంటే 3.15 మిల్లీమీటర్ల రాడ్డు వాడితే 90 నుంచి 130. దానికి మెషిన్ తినే నష్టం కూడా కలిపితే 120 ఆంపుల దగ్గరే 16 ఆంపుల ప్లగ్గు అంచుకు వచ్చేస్తుంది. కాబట్టి పెద్ద అంకె చూడకండి, డ్యూటీ సైకిల్ ఎన్ని ఆంపుల దగ్గర ఎంతో చూడండి. 60 శాతం అంటే పది నిమిషాల్లో ఆరు నిమిషాలే కాల్చాలి, నాలుగు నిమిషాలు చల్లారనివ్వాలి. డబ్బాపై ఆ సంగతే రాయకపోతే కొనవద్దు.

మెషిన్ పక్కనే గ్రైండింగ్ చేయకండి. ఫ్యాను ఇనుప రజను లోపలికి పీల్చి బోర్డుపై పరుస్తుంది. నా మొదటి మెషిన్ అలాగే ఏడు నెలలకు పేలింది. ఏడాదిపాటు కంపెనీని తిట్టాను. తప్పు నాదని తరువాత తెలిసింది.

హార్డ్‌వేర్ కౌంటర్ అక్క

కౌంటరు వెనుక నుంచి ఒక నిజం: పేరు లేని సరుకుపై మాకు మిగిలేది ఎక్కువ. "ఇదీ అదీ ఒకటే అన్నా" అని దుకాణదారు గట్టిగా చెబుతున్నాడంటే ఎందుకో అర్థం చేసుకోండి. జీఎస్టీ బిల్లు లేకుండా వారంటీ అనే మాటకు విలువ లేదు. ఐఎస్ఐ ముద్ర ఉందని చూపిస్తే ముద్ర కింద సీఎం/ఎల్ అనే లైసెన్సు నంబరు ఉందో లేదో చూసి, ఫోనులో ఆ ముద్ర ఇచ్చే సంస్థ బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి. నా కౌంటరు ముందు నిలబడి కొట్టినా నేనేమీ అనుకోను.

డిస్కుల దగ్గర మాత్రం పైసలు చూడకండి. కటింగ్ డిస్కు మధ్యలోని ఇనుప రింగుపై గడువు ఉంటుంది. తేమ తగిలి పాతబడినవాటిని తక్కువకు అంటగడతారు.

మిల్లు ఫిట్టర్, మిర్యాలగూడ

అక్క మాటకు ఒకటి కలుపుతాను. డిస్కు మీది గార్డు తీసేసి, మధ్య రంధ్రంలో బుష్ అనే రింగు వేసి, 4 అంగుళాల గ్రైండర్‌కు 5 అంగుళాల డిస్కు బిగించేవాళ్లను చూశాను. 4 అంగుళాల డిస్కు నిమిషానికి 15 వేల చుట్లకు పైగా తట్టుకుంటుంది, 5 అంగుళాలది 12,200. చిన్న గ్రైండర్లు 11, 12 వేలు తిరుగుతాయి. చవక మెషిన్‌పై రాసిన చుట్లు నిజమో కాదో ఎవరు చూశారు? పానా విరిగితే రాత్రి పోతుంది. ఇది విరిగితే కన్ను పోతుంది.

నకిరేకల్ బండి మెకానిక్

ఇందులో మీతో వాదన లేదు. పానాల్లో మాత్రం ఉంది.

దేవరకొండ రేకుల షెడ్డు

నిన్న నల్లగొండ వెళ్లి వచ్చాను. గడియారం సెంటర్ దగ్గర దిగి మొదట ఒక రివైండింగ్ షాపుకే వెళ్లి, ఏ గ్రైండర్లకు ఆర్మేచర్ వాళ్ల అలమరలో ఉందో అడిగాను. మూడు రకాలు చూపించారు. వాటిలో ఒకటి రూ. 2,700కు కొన్నాను. పానాల్లో 17, 19, 24 నంబర్లు మంచివి, మిగతావి చవక పెట్టె. ఫిట్టర్ అన్నా, మెకానిక్ అన్నా, మీ ఇద్దరి మాటా సగం సగం విన్నాను, కోపగించుకోకండి. డ్రిల్లు చవకదే తీసుకున్నాను, నాకు రోజుకు నాలుగు రంధ్రాలకు మించి పని ఉండదు. ఆదివారం వైస్ కోసం ఎర్రగడ్డ వెళుతున్నాను. వెల్డింగ్ మెషిన్ ఇంకా కొనలేదు. కల్వకుర్తి అన్నా, మీ మెషిన్ ఒకసారి పట్టి చూడవచ్చా?

కల్వకుర్తి వెల్డర్

రండి తమ్ముడూ. మధ్యాహ్నం వద్దు, అప్పుడు ఏ మెషిన్ అయినా బాగానే కాలుస్తుంది. సాయంత్రం ఏడు తరువాత రండి, మా వీధిలో వోల్టేజి పడేది అప్పుడే. 10 నంబరు రాడ్లు నాలుగు మీరే తెచ్చుకోండి.