పాత ఎపెక్స్ స్థానంలో కొత్త కంట్రోలర్: పాత సామగ్రిలో ఏది నిలుస్తుంది, ఏది పోతుంది?

సాగరతీరం, విశాఖపట్నం:

సభ్యులందరికీ నమస్కారం. మా ఇంట్లోని మెరైన్ ట్యాంకును, అంటే ఉప్పునీటి అక్వేరియంను, నెప్ట్యూన్ కంపెనీవారి తొలి తరం ఎపెక్స్ కంట్రోలర్ (పంపులు, హీటర్ల వంటివాటిని తనంతట తానే ఆన్, ఆఫ్ చేసే పరికరం) నడుపుతోంది. అమెరికాలో ఉండే మా బావగారు ఇచ్చినది కనుక దానితో వచ్చిన ఈబీ8 పవర్ బార్ (కంట్రోలర్ అదుపులో ఉండే సాకెట్ల పెట్టె) 120 వోల్టులది. దాన్ని స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ మీద పెట్టి, మన 230 వోల్టుల రిటర్న్ పంపును (నీటిని ట్యాంకులోకి తిరిగి పంపేది), చిల్లర్‌ను (నీటిని చల్లబరిచేది), హీటర్లను దాని సాకెట్లకు తగిలించిన కాంటాక్టర్ల (కాయిల్‌కు అందే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే, విడదీసే స్విచ్‌ల) ద్వారా నడిపిస్తున్నాను. ఇప్పుడు ఆల్కలినిటీ, కాల్షియం, మెగ్నీషియం తనంతట తానే పరీక్షించే ట్రైడెంట్ పెట్టుకోవాలని ఉంది. అయితే అది పాత ఎపెక్స్‌తో కలవదు; 2016 తరం బేస్ యూనిట్ (కంట్రోలర్ ప్రధాన పెట్టె) గానీ ఆ తర్వాతిది గానీ ఉండాలి. బేస్ మార్చితే నా దగ్గరున్న పవర్ బార్, ప్రోబ్‌లు (నీళ్లలో ముంచే సెన్సర్లు), పంపుల వేగాన్ని మార్చే కేబుళ్లు ఎంతవరకు పనికొస్తాయి? ఈ కంపెనీ వ్యవస్థనే వదిలి రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు మీద నడిచే రీఫ్-పై అనే అక్వేరియం కంట్రోలర్ ప్రోగ్రాంకు మారడం మేలా? ఇలా మారిన వారెవరైనా తమ అనుభవం చెప్పగలరు.

తెల్లచుక్క, డల్లాస్:

సాగరతీరం గారూ, మీకు కావలసిన దిశలో మార్గం చాలావరకు తెరిచే ఉంది. ఎపెక్స్ మాడ్యూళ్లన్నీ (బేస్‌కు తగిలించే ఉపకరణాలన్నీ) ఆక్వాబస్ అనే సొంత బస్సు, అంటే సంకేతాల తీగ, మీద మాట్లాడుకుంటాయి, కొత్త బేస్ యూనిట్‌లోనూ అదే బస్సు ఉంది కాబట్టి మీ ఈబీ8ను దానికి తగిలిస్తే గుర్తిస్తుంది. తగిలించిన వెంటనే మాడ్యూల్ ఫర్మ్‌వేర్‌ను (లోపలి ప్రోగ్రాంను) అప్‌డేట్ చేయమని అడిగే అవకాశం ఉంటుంది. అది పూర్తయ్యే వరకు కేబుల్ తీయకండి, ఇన్వర్టర్ లేని గదిలో ఆ పని పెట్టుకోకండి.

ఇబ్బందంతా ఎదురు దిశలోనే వస్తుంది, అంటే పాత బేస్‌కు కొత్త ఉపకరణం తగిలించాలనుకున్నప్పుడు. వేవ్ పంపుల (ట్యాంకు నీటిలో అలలు పుట్టించేవాటి) కోసం కంపెనీ వన్‌లింక్ అనే కొత్త పోర్టు తెచ్చినప్పుడు, అది లేని పాత ఎపెక్స్ వాళ్ల కోసం విడిగా వన్‌లింక్ మాడ్యూల్ అమ్మింది. ట్రైడెంట్ విషయానికి వచ్చేసరికి అటువంటి వంతెన వేయలేదు. అందుచేత పాత మాడ్యూళ్లు కొత్త బేస్‌తో కలుస్తాయన్న మాటను, పాత బేస్ కొత్త మాడ్యూళ్లతో కలుస్తుందన్న హామీగా ఎవరూ తీసుకోకూడదు.

ఒక ముఖ్యమైన హెచ్చరిక. ఆక్వాబస్ కేబుల్ కొస చూడటానికి అచ్చం యూఎస్‌బీలా ఉంటుంది గానీ యూఎస్‌బీ కాదు. సామాన్లు సర్దే హడావుడిలో దాన్ని ల్యాప్‌టాప్‌కో ఫోన్ చార్జర్‌కో గుచ్చితే రెండు వైపులా నష్టం జరగవచ్చు. మార్పు మొదలుపెట్టే ముందే ఆ కేబుళ్లన్నిటికీ రంగు టేపు చుట్టుకోండి.

చెరువుగట్టు, హైదరాబాద్:

వృత్తిరీత్యా పవర్ ఎలక్ట్రానిక్స్‌లో ఉన్నాను కనుక ఈబీ8 గురించి ఒక మాట చేరుస్తాను. బస్సు కలిసినంత మాత్రాన లోడ్, అంటే సాకెట్‌కు తగిలించిన పరికరం, కలిసినట్టు కాదు. ఈబీ8లో ఉన్న ఎనిమిది సాకెట్లలో నాలుగోది, ఎనిమిదోది మాత్రమే మెకానికల్ రిలేలతో నడుస్తాయి, మిగిలినవి ట్రయాక్‌లతో (కదిలే భాగాలు లేని ఎలక్ట్రానిక్ స్విచ్‌లతో) నడుస్తాయి. ట్రయాక్ ఆఫ్‌లో ఉన్నప్పుడు కూడా దాని పక్కనుండే సర్క్యూట్ గుండా కొద్దిపాటి కరెంటు కారుతూనే ఉంటుంది. మెటల్ హాలైడ్ దీపాల కాలంలో ఆ కారడం ఎవరి కంటా పడలేదు, ఎందుకంటే వందల వాట్ల దీపానికి అదొక లెక్క కాదు. జనం చిన్న ఎల్ఈడీ దీపాలకు మారాక, కంట్రోలర్ ఆఫ్ అని చూపిస్తున్నా దీపం మసకగా వెలుగుతూనే ఉండటం మొదలైంది. కంట్రోలర్ పాతదే, పవర్ బార్ పాతదే. మారింది దీపం ఒక్కటే, అయినా పొత్తు చెడింది. ఇటువంటి అననుకూలతను ఏ కంపెనీ జాబితాలోనూ చూపించరు.

మీ విషయంలో ఇది దీపాలకన్నా కాంటాక్టర్ల దగ్గర ముఖ్యం. చిన్న కాంటాక్టర్ కాయిల్ లాగే కరెంటు చాలా తక్కువ. ట్రయాక్ సాకెట్ మీద పెడితే ఆఫ్ చేసినా కాయిల్‌లో సన్నని మోత మిగలవచ్చు, ఒక్కోసారి కాంటాక్టులు విడిపోకుండా పట్టుకునే ఉండవచ్చు.

సాగరతీరం, విశాఖపట్నం:

చెరువుగట్టు గారూ, చిల్లర్ కాంటాక్టర్ ఐదో సాకెట్ మీద ఉంది, మీరన్న మోత వినిపిస్తూనే ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ చప్పుడేమో అనుకుంటూ వచ్చాను. నాలుగో సాకెట్‌కు మారిస్తే సరిపోతుందా?

చెరువుగట్టు, హైదరాబాద్:

సరిపోతుంది. హీటర్ కాంటాక్టర్‌ను ఎనిమిదో సాకెట్‌కు మార్చండి, ఎందుకంటే మోతతో చిల్లర్‌కు వచ్చే ముప్పుకన్నా ఆఫ్ కాని హీటర్‌తో వచ్చే ముప్పు పెద్దది. మిగిలిన కాంటాక్టర్లకు కాయిల్‌తో సమాంతరంగా ఒక చిన్న లోడ్ పెడితే కారే కరెంటు దానిగుండా పోతుంది. కొత్త ఈబీ832 కొంటే ప్రతి సాకెట్ ఎంత కరెంటు లాగుతోందో చూపిస్తుందని చాలామంది చెబుతారు, అది నిజమే. కానీ అది కూడా 120 వోల్టులదే అయితే మళ్లీ కాంటాక్టర్లే పెట్టాలి, అప్పుడు అది కొలిచేది కాయిల్ కరెంటు తప్ప పంపు కరెంటు కాదు. పంపు ఇరుక్కుపోయినా మీకు తెలియదు. ఆ ఒక్క సౌకర్యం కోసం డబ్బు పెట్టాలనుకుంటే ఇంకోసారి ఆలోచించండి.

కృష్ణలంక, విజయవాడ:

ప్రోబ్‌ల సంగతి నేను చెబుతాను. పీహెచ్ (ఆమ్ల-క్షార స్థాయి) ప్రోబ్‌కు, ఓఆర్‌పీ (నీటి ఆక్సీకరణ శక్తి) ప్రోబ్‌కు ఉండే బీఎన్‌సీ కనెక్టర్ కంపెనీలకు అతీతమైనది. గాజు ఎలక్ట్రోడు పుట్టించే వోల్టేజీ రసాయన సూత్రం ప్రకారం వస్తుంది గానీ కంపెనీ ఇష్టప్రకారం రాదు. 25 డిగ్రీల వద్ద ఒక్కో పీహెచ్ అంకెకు 59.16 మిల్లీవోల్టులు. అందువల్ల పాత ప్రోబ్ కొత్త బేస్‌లోనూ, రాస్ప్‌బెర్రీ పైకి తగిలించే పీహెచ్ బోర్డులోనూ పనిచేస్తుంది. కాకపోతే పీహెచ్ 7, 10 ఉన్న బఫర్ ద్రావణాలతో మళ్లీ కాలిబ్రేట్ చేయక, అంటే కొలత సరిదిద్దక, తప్పదు, పాత కంట్రోలర్‌లోని కాలిబ్రేషన్ ప్రోబ్‌తో పాటు రాదు. పైగా ఈ ప్రోబ్‌లకు సుమారు ఏడాది, ఏడాదిన్నర కన్నా ఆయుష్షు ఉండదు కనుక ముసలి ప్రోబ్‌ను కొత్త కంట్రోలర్‌కు తగిలించి, అంకెలు తేడాగా వస్తే కంట్రోలర్‌ను తిట్టుకోవద్దు.

ఉష్ణోగ్రత ప్రోబ్ దగ్గర అలాంటి భరోసా లేదు. కొన్ని కంట్రోలర్లు డీఎస్18బీ20 అనే డిజిటల్ సెన్సర్‌ను, మరికొన్ని 10 కిలో ఓమ్‌ల థర్మిస్టర్‌ను (వేడిని బట్టి నిరోధం మారే భాగాన్ని) వాడతాయి. థర్మిస్టర్లలోనూ బీ విలువ (వేడికి నిరోధం ఎంతగా మారుతుందో చెప్పే అంకె) 3950 ఉన్నవి, 3435 ఉన్నవి బజారులో పక్కపక్కనే అమ్ముతారు, ప్లగ్గు కూడా ఒకలాగే ఉండవచ్చు. 25 డిగ్రీల వద్ద రెండూ సరిగ్గా 10 కిలో ఓమ్‌లే చూపిస్తాయి కాబట్టి ఏసీ గదిలో గ్లాసు నీళ్లలో పెట్టి పరీక్షిస్తే తేడా కనబడదు. 3435కు అమర్చిన కంట్రోలర్‌కు 3950 థర్మిస్టర్ పెడితే నీళ్లు 28 డిగ్రీలున్నప్పుడు దాదాపు 28.5 అని చూపిస్తుంది, 35 ఉన్నప్పుడు 36.5 దాటుతుంది. మన వేసవిలో ఆ అర డిగ్రీకి చిల్లర్ అనవసరంగా తిరుగుతూ ఉంటుంది. కాబట్టి పరీక్షను 25 దగ్గర కాకుండా, చేతికి గోరువెచ్చగా తగిలే నీళ్లలో ఒక నమ్మకమైన థర్మామీటర్ పక్కన పెట్టి చేయండి.

మూడుకాయల రిలే, వరంగల్:

నాది మొదటినుంచీ రాస్ప్‌బెర్రీ పై. వీళ్ల పిన్నుల అమరికను మెచ్చుకోవలసిందే. 2014లో వచ్చిన బీ ప్లస్ నుంచి నేటి పై 5 వరకు అదే 40 పిన్నుల వరుస, అందులో మొదటి 26 పిన్నులు అంతకుముందు మోడళ్లవే. నా రిలే బోర్డు, డీఎస్18బీ20 సెన్సర్లు తరాలు మారినా అదే చోట తగులుకున్నాయి. మరీ తొలి బోర్డుల్లో మాత్రం ఐ2సీ (సెన్సర్లు బోర్డుతో మాట్లాడే పద్ధతి) సున్నా నంబరు బస్సు మీద ఉండేది, రెండో రివిజన్‌లో ఒకటో నంబరుకు మారింది.

అయితే పిన్ను కలిస్తే ప్రోగ్రాం కలుస్తుందని అనుకోకూడదు. 2023 చివర్లో వచ్చిన పై 5లో ఆ పిన్నులను నడిపేది ప్రధాన చిప్ కాదు, ఆర్‌పీ1 అనే వేరే చిప్. పిన్నులను నడిపించే పాత ఆర్‌పీఐ డాట్ జీపీఐఓ లైబ్రరీ నేరుగా పాత చిప్ రిజిస్టర్లను పట్టుకుని పనిచేసేది కనుక దాని మీద రాసుకున్న పైథాన్ స్క్రిప్టులు పై 5 మీద కదలవు. ఎల్‌జీపీఐఓ మీద నడిచే ప్రత్యామ్నాయ లైబ్రరీ పెట్టుకుంటే చాలా స్క్రిప్టులు మార్పు లేకుండానే నడుస్తాయి. బోర్డు మార్చకపోయినా ఊరుకోదు: పై 4 మీద పాత సిస్‌ఎఫ్‌ఎస్ పద్ధతిలో (ఫైళ్ల ద్వారా పిన్నులను నడిపే తీరులో) 17 అని పిలిచిన పిన్ను, 6.6 కెర్నెల్ (లినక్స్ మూలభాగం) వచ్చాక 529 అయింది. ఒక మామూలు అప్‌డేట్‌తో హీటర్ స్క్రిప్టు ఎర్రర్ ఇచ్చి ఆగిపోవడానికి ఇది చాలు.

కరెంటు సంగతి కూడా చూసుకోండి. పై 4కు 5 వోల్టుల 3 ఆంపియర్ల సప్లై చాలేది, పై 5 మాత్రం 5 ఆంపియర్లు కోరుతుంది. పాత సప్లైతో బూట్ అవుతుంది గానీ యూఎస్‌బీ పోర్టులన్నిటికీ కలిపి 600 మిల్లీ ఆంపియర్లే ఇస్తుంది, అక్కడ కెమెరా గానీ డిస్క్ గానీ ఉంటే ఇబ్బంది పడతారు. నా సలహా ఏమిటంటే, అక్వేరియం నడపడానికి పై 5 అక్కరలేదు. ఇప్పటికే నడుస్తున్న పై 3 ఉన్నవారు దాన్ని దాని మానాన వదిలేయండి, ఎస్‌డీ కార్డు ఇమేజ్ ఒకటి తీసి దాచుకోండి.

భీమిలి గాలి, విశాఖపట్నం:

రొయ్య పిల్లల హేచరీలో నీటి నాణ్యత యంత్రాలు చూసేవాడిని. మా దగ్గర కంట్రోలర్ మార్చినా కరిగిన ఆక్సిజన్ ట్రాన్స్‌మిటర్లను మార్చం. అవి 4 నుంచి 20 మిల్లీ ఆంపియర్ల సంకేతమో, ఆర్‌ఎస్-485 తీగ మీద మోడ్‌బస్ అనే పారిశ్రామిక సంకేత భాషనో మాట్లాడతాయి. మోడ్‌బస్ 1979 నాటిది, ఈరోజు కొన్న పీఎల్‌సీ (పారిశ్రామిక కంట్రోలర్) కూడా దాన్ని అర్థం చేసుకుంటుంది. ఇంటి ట్యాంకుకు ఆ సామగ్రి ఖరీదు తగదని ఒప్పుకుంటాను. కానీ మీ ఎపెక్స్‌లో పంపుల వేగాన్ని మార్చే 0-10 వోల్టుల పోర్టులు కూడా అలాంటి బహిరంగ, అంటే ఏ కంపెనీ సొంతం కాని, పద్ధతే కాబట్టి ఆ కేబుళ్లను పారేయకండి, పిన్నుల క్రమం సరిచూసుకుని ఏ కంట్రోలర్‌కైనా వాడుకోవచ్చు.

తెల్లచుక్క, డల్లాస్:

భీమిలి గాలి గారితో సగం ఏకీభవిస్తాను. బహిరంగ పద్ధతులు తీగలను కాపాడతాయి, ప్రోగ్రాం తర్కాన్ని కాపాడవు. ఎపెక్స్‌లో ఒక సాకెట్ ప్రోగ్రాంలో నిజమైన షరతుల్లో చివరి వరుసదే చెల్లుబాటు. రీఫ్-పైలో ఆ పద్ధతే లేదు, అక్కడ ఉష్ణోగ్రతకు, టైమర్లకు వేర్వేరు విభాగాలుంటాయి. వరుసలను యథాతథంగా మార్చబోతే అర్థం తారుమారవుతుంది. ముఖ్యంగా చిల్లర్ ప్రోగ్రాంలో ఉండే డిఫర్ వరుసను మరచిపోకండి. కరెంటు పోయి వెంటనే వచ్చినప్పుడు కంప్రెసర్‌ను కొన్ని నిమిషాలు ఆపి ఉంచేది అదే.

సాగరతీరం, విశాఖపట్నం:

అందరికీ కృతజ్ఞతలు. ఎపెక్స్‌లోనే ఉండి బేస్ యూనిట్ ఒక్కటే మారుస్తాను, పాత ఈబీ8ను సాకెట్లు సర్ది ఉంచుతాను, పీహెచ్ ప్రోబ్ కొత్తది కొంటాను. కొత్త బేస్ వచ్చాక పాతదాన్ని వెంటనే అమ్మవచ్చా?

తెల్లచుక్క, డల్లాస్:

ఈ పరీక్ష పూర్తయ్యే వరకు అమ్మకండి. అన్ని ప్రోగ్రాములు రాసుకున్నాక, మీరు ట్యాంకు దగ్గరే ఉన్న ఒక పగటిపూట ఈబీ8కు వెళ్లే ఆక్వాబస్ కేబుల్ పీకేయండి. బేస్‌తో మాట పోయినప్పుడు ప్రతి సాకెట్ తన ఫాల్‌బ్యాక్ వరుసలో చెప్పిన స్థితికి వెళ్లాలి. రిటర్న్ పంపు ఆన్‌లో, హీటర్ ఆఫ్‌లో ఉండాలి. కంట్రోలర్ తెర మీద చూసి సరిపెట్టుకోకుండా, ఒక్కో కాంటాక్టర్‌ను దగ్గరికెళ్లి చూడండి. ఆ తర్వాత వై-ఫై రూటర్‌ను ఆపి, బేస్ యూనిట్‌కు కరెంటు తీసి పెట్టి, ఇంటర్నెట్ లేకుండా కూడా ప్రోగ్రాములు వాటంతటవే మొదలవుతున్నాయో లేదో చూడండి.