అమ్మ ఊరు వదిలి రానంటోంది, వీధిలో అందరూ అరవై దాటినవాళ్ళే. రాత్రిళ్ళు ఎలా?

అత్తిలి ఆడపడుచు (ప్రశ్న):

అమ్మకి 76. అత్తిలి దగ్గర పల్లెటూళ్ళో ఒక్కతే ఉంటోంది. నాన్న పోయి నాలుగేళ్ళవుతోంది. నేను హైదరాబాదు నిజాంపేటలో, తమ్ముడు డాలస్‌లో. పోయిన నెల అర్ధరాత్రి బాత్రూంకని లేచి పెరటి గుమ్మం దగ్గర పడిపోయింది. ఎముకలేవీ విరగలేదు గానీ నుదుటి మీద కుట్లు పడ్డాయి, మణికట్టు వాచింది. ఫోను మంచం మీదే ఉండిపోయింది. తెల్లారి పాలబ్బాయి వచ్చేదాకా గోడకి ఆనుకుని అక్కడే కూర్చుందట.

"ఎవరినీ కేకెయ్యలేదేంటమ్మా?" అంటే, "ఎవరిని పిలవనే? ఎదురింటి మావయ్యగారికి చెవులు వినపడవు. పక్కింటి అత్తయ్యగారు మోకాళ్ళతో మంచం దిగలేదు. అటుపక్క రెండిళ్ళకీ తాళాలే కదా" అంది. వెళ్ళి చూస్తే ఆవిడ చెప్పిందంతా నిజం. మా చిన్నప్పుడు సాయంత్రమైతే పిల్లల గోలతో నడవడానికి వీల్లేని వీధి అది. ఇప్పుడు అరవైలోపు మనిషి ఒక్కరు లేరు. ఒకటో తారీఖున సచివాలయం అమ్మాయి పింఛను నాలుగు వేలూ పంచడానికి వస్తే అందరూ అరుగుల మీదకి చేరతారు. మాత్రల చీటీ చదివిపెట్టేదీ, ఫోన్ రీఛార్జి చేసిపెట్టేదీ ఆ పిల్లే. మళ్ళీ ఒకటో తారీఖు దాకా, పాలబ్బాయి తప్ప, ఆ వీధిలోకి వయసులో ఉన్న మనిషి రావడం అరుదు.

నా దగ్గరికి తీసుకొస్తే పట్టుమని పది రోజులు ఉండదు. మేం ఆఫీసులకి పోతే ఏడో అంతస్తులో తలుపులేసుకుని కూర్చోవాలి. తమ్ముడు హైదరాబాదులో డబ్బు కట్టే హోం ఒకటి చూశాడు. ఆ మాట ఎత్తితే రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. పైగా ఇప్పుడు "ఇల్లు తమ్ముడి పేర రాసేస్తాను, ఓ పనైపోతుంది" అంటోంది. నాకు ఆస్తి గురించి బెంగ లేదు, ఆవిడ గురించే టెన్షన్. ఊళ్ళోనే ఉంచుతూ రాత్రి పూట భద్రంగా ఉండేలా చెయ్యడానికి దారేమన్నా ఉందా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

ఫిజియో, రాజమండ్రి:

హోం సంగతి, కేర్‌టేకర్ సంగతి తర్వాత చూద్దామండీ. ముందు ఆవిడ ఎందుకు పడ్డారో తెలియాలి. నా దగ్గరికి తుంటి విరిగి వచ్చే పెద్దవాళ్ళలో చాలామంది అంతకుముందే ఒకసారి పడ్డవాళ్ళు. మొదటిసారి దెబ్బ పెద్దగా తగలదు కాబట్టి "వయసు కదా" అని వదిలేస్తారు. రెండోసారి తుంటి విరుగుతుంది.

ఈసారి వెళ్ళినప్పుడు ఇది చేయండి. అమ్మగారిని ఐదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూడండి. లేచి నిలబడ్డాక ఒక నిమిషానికీ, మళ్ళీ మూడు నిమిషాలకీ చూడండి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ అంతకన్నా ఎక్కువ పడిపోతే, లేవగానే తలకి రక్తం సరిగ్గా అందడం లేదన్నమాట. వాడుతున్న మాత్రలన్నీ ఒక సంచిలో వేసుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. బీపీకిచ్చే నీళ్ళ మాత్ర (మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసేది) సాయంత్రం వేసుకుంటున్నారా? అలాగైతే రాత్రి లేవక తప్పదు. నిద్రమాత్ర ఉంటే అది ఇంకా ప్రమాదం. శుక్లం ఒక కంటికే ఆపరేషన్ చేయించి రెండోది వదిలేశారేమో కూడా అడగండి, అలాంటప్పుడు మెట్టు ఎత్తు సరిగ్గా తెలియదు.

బాత్రూం పెరట్లో ఉంటే రాత్రికి మంచం పక్కనే కమోడ్ కుర్చీ పెట్టండి. మొదట్లో ససేమిరా అంటారు, "రాత్రికి మాత్రమే" అంటే ఒప్పుకుంటారు. గుమ్మం దగ్గరా బాత్రూంలోనూ గోడకి గట్టి స్టీలు కడ్డీలు బిగించండి. మేకుకి కట్టిన తాడూ, ప్లాస్టిక్ హ్యాండిలూ పనికిరావు. ఇక కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం పొద్దున పదిసార్లు, సాయంత్రం పదిసార్లు. మొదట్లో ఎవరైనా పక్కన నిలబడాలి. తొడ కండ బలం డెబ్భై దాటాక కూడా పెరుగుతుంది, కళ్ళారా చూస్తున్నాను కాబట్టి చెబుతున్నాను.

దస్తావేజు లేఖరి:

మేడమ్ గారూ, ఇంటి విషయం వరకు చెబుతాను. బతికుండగానే ఆస్తి రాసిచ్చే గిఫ్టు గానీ సెటిల్‌మెంటు గానీ రిజిస్టర్ అయ్యాక వెనక్కి తీసుకోవడం చాలా కష్టం. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టంలో 23వ సెక్షన్ ఉంది. చూసుకుంటామన్న షరతు మీద ఆస్తి రాయించుకుని చూడకపోతే ట్రైబ్యునల్ ఆ దస్తావేజుని రద్దు చేయవచ్చు. కానీ ఆ షరతు ఉందని తేలాలని సుప్రీంకోర్టు 2022లో ఒక కేసులో చెప్పింది. నోటిమాటకి రుజువు ఉండదు కదా. రాయడమే తప్పదంటే పోషణ షరతూ, అమ్మగారు బతికున్నంతకాలం ఆ ఇంట్లో ఉండే హక్కూ దస్తావేజులోనే స్పష్టంగా రాయించండి. నన్నడిగితే వీలునామా చాలు. అది ఆవిడ తదనంతరమే అమల్లోకి వస్తుంది, మనసు మారితే మార్చుకోవచ్చు. మీ తమ్ముడు మంచివాడే కావచ్చు, కాగితం మాత్రం ఆవిడ వైపు ఉండాలి.

రిటైర్డ్ టీచరు, అంబాజీపేట:

అమ్మాయీ, నాకు 74. నేనూ ఒంటరిదాన్నే, కాబట్టి మీ అమ్మ వైపు నుంచి చెబుతాను. ఫ్లాట్‌లో ఆవిడకి లోటు చేస్తున్నారని కాదు. ఊళ్ళో పొద్దున్న లేస్తే పువ్వులు కోసుకోవాలి, కొబ్బరికాయల లెక్క చూసుకోవాలి, పాలవాడితో పోట్లాడాలి. "ఇవాళ పిన్నిగారు బయటికి రాలేదే" అని కనిపెట్టే మనిషి ఉంటుంది. మీ ఇంట్లో ఆవిడ చెయ్యాల్సిన పని ఒక్కటీ ఉండదు. అన్నం మానేసిందంటే హోం మీద కోపంతో కాదు, తన ఇంటి తాళం తన చేతిలోంచి పోతుందన్న భయంతో.

వీధంతా ముసలివాళ్ళేనన్నావు చూడు, అది మా దగ్గరా అంతే. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే మన రాష్ట్రంలో సంతాన రేటు, అంటే ఒక్కో ఆడమనిషికి సగటున పుట్టే పిల్లలు, 1.7. జనాభా తగ్గకుండా నిలబడాలంటే 2.1 ఉండాలి. ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ పోటీకి పనికిరారన్న 1994 నాటి నిబంధనని 2024 నవంబరులో అసెంబ్లీ ఎత్తేసింది. మంచిదే. అయితే ఇవాళ పుట్టిన బిడ్డ చేతికందడానికి ఇరవయ్యేళ్ళు పడుతుంది. మీ అమ్మకి మనిషి కావలసింది ఈ రాత్రికి.

ఆ మనిషిని హైదరాబాదు ఏజెన్సీలో వెతక్కు, మీ ఊళ్ళోనే వెతుకు. మన గోదావరి జిల్లాల ఆడవాళ్ళు ఎంతమంది కువైట్, మస్కట్ వెళ్ళి అక్కడి ముసలమ్మలకి స్నానాలు చేయించి, మంచాల మీద పక్కలు మార్చి వచ్చారో నీకు తెలియనిది కాదు. వాళ్ళకి ఉన్న పనితనం ఏజెన్సీ పంపే పిల్లలకి ఉండదు. తిరిగొచ్చి మళ్ళీ కూలిపనులకి పోతున్నారు. నాకు రాత్రి తోడు పడుకోవడానికి వచ్చేది అలా వచ్చినావిడే. చీకటిపడ్డాక వస్తుంది, పొద్దున్న కాఫీ తాగి వెళ్తుంది. నెల జీతం ఒకటో తారీఖునే చేతిలో పెడతాను, ఏదో పాత చీర ఇచ్చి సరిపెట్టను. మీ వీధిలో నలుగురు కలిస్తే ఇద్దరు మనుషుల్ని పెట్టుకోవచ్చు. కానీ మనిషిని మీ అమ్మనే ఎంచుకోనివ్వు. నువ్వు కుదిర్చి పంపితే వారం తిరక్కుండా తగువే.

వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 కూడా రాసిపెట్టుకో. పింఛనూ, పోషణ కేసూ లాంటి వాటికి దారి చెబుతారు. పగటిపూటే పలుకుతుంది, అర్ధరాత్రి పడితే మాత్రం 108కే చెయ్యాలి.

అత్తిలి ఆడపడుచు:

అందరికీ చాలా థాంక్స్. శనివారం ఊరొచ్చాను. బీపీ చూశాను: పడుకున్నప్పుడు 148/84, లేచిన నిమిషానికి 116/70. నీళ్ళ మాత్ర రాత్రి అన్నం తిన్నాకే వేసుకుంటోందట. కుర్చీ పెట్టుకోవడానికి ఒప్పుకుంది. టీచరమ్మగారూ, మస్కట్‌లో తొమ్మిదేళ్ళు చేసి వచ్చినావిడ మా వెనక వీధిలోనే ఉందని అమ్మే చెప్పింది. ఇద్దరూ అరుగు మీద మాట్లాడుకుంటున్నారు, నన్ను లోపలికి పొమ్మంది. తమ్ముడితో వీలునామా మాట చెప్పాను, సరేనన్నాడు.

ఫిజియో, రాజమండ్రి:

32 పడిందంటే చిన్న విషయం కాదండీ. మాత్ర మీరే ఆపెయ్యకండి, టైమూ మార్చకండి. ఈ రీడింగులు కాగితం మీద రాసుకుని సోమవారమే డాక్టరుకి చూపించండి. అప్పటిదాకా రాత్రి లేచే ముందు మంచం అంచున కాళ్ళు కిందికి వేసి రెండు నిమిషాలు కూర్చోమనండి.