నాలుగు ఛార్జర్లకు పాత కంప్యూటర్ ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై పెట్టె) ఒక్కటి సరిపోతుందా?

ప్రశ్న: నమస్కారమండీ. రేడియో కంట్రోల్ విమానాల బ్యాటరీల కోసం నా వద్ద నాలుగు ఛార్జర్లు ఉన్నాయి. ఒక్కొక్కటి 80 వాట్లది. 11 నుంచి 18 వోల్టుల డీసీ తీసుకుంటుంది. నాలుగు అడాప్టర్లు పెడితే బల్ల నిండా తీగలే అవుతున్నందువల్ల, అటక మీద పడి ఉన్న 450 వాట్ల కంప్యూటర్ ఎస్‌ఎంపీఎస్‌కు నాలుగు ఎక్స్‌టీ60 సాకెట్లు (ఇలాంటి బ్యాటరీలకు, ఛార్జర్లకు వాడే రెండు పిన్నుల కనెక్టర్లు) బిగించాలనుకుంటున్నాను. బ్యాటరీలన్నీ మూడు సెల్లుల 2200 ఎంఏహెచ్ లిపోలే (లిథియం పాలిమర్ బ్యాటరీలు). ఎస్‌ఎంపీఎస్ లేబుల్ మీద 12 వోల్టులకు 18 ఆంపియర్లని ఉంది.

సమాధానం: 450 అనేది అన్ని వోల్టేజీలూ కలిపిన లెక్క కనుక దానిని మరచిపోండి, మీకు పనికివచ్చేది ఆ 18 ఆంపియర్లే, అంటే 216 వాట్లు. మీ బ్యాటరీని 2.2 ఆంపియర్లతో ఛార్జ్ చేస్తే చివరిదశలో 12.6 వోల్టుల వద్ద సుమారు 28 వాట్లు పడుతుంది. ఛార్జర్‌లో వృథా అయ్యేది కూడా కలుపుకుంటే 35 వాట్లు, అనగా 12 వోల్టుల వైపు మూడు ఆంపియర్లు అనుకోండి. నాలుగింటికీ కలిపి 12 ఆంపియర్లే కనుక ఇది ధారాళంగా సరిపోతుంది. కానీ రేపు పెద్ద బ్యాటరీలు కొని ఛార్జర్లను పూర్తి 80 వాట్లకు నడిపితే ఒక్కొక్కటే ఎనిమిది ఆంపియర్లు దాటుతుంది. అప్పుడు రెండింటికి మించి పెట్టకండి.

ఆకుపచ్చ తీగను నల్ల తీగతో కలిపితే ఎస్‌ఎంపీఎస్ ఆన్ అవుతుంది. మధ్యలో చిన్న స్విచ్ పెట్టుకోవచ్చు. పసుపు 12 వోల్టులు, నలుపు నెగటివ్. ఒక్కో సాకెట్‌కు రెండు పసుపు, రెండు నల్ల తీగలు విడిగా తీసుకురండి. ఒక సాకెట్ నుంచి మరొకదానికి గొలుసులా కలుపుకుంటూ పోతే మొదటి అతుకు మీదే భారమంతా పడుతుంది. ప్రతి పసుపు జతకూ పెట్టె దగ్గరే 10 ఆంపియర్ల బ్లేడ్ ఫ్యూజు వేయండి. కార్లలో వాడే ఈ ఫ్యూజులు ఆటోమొబైల్ దుకాణాలలో దొరుకుతాయి.

ప్రశ్న: చెప్పినట్లే కలిపాను. మూడో ఛార్జర్ మొదలుపెట్టగానే వోల్టేజీ 11 కంటే కిందికి పడిపోయి, ఛార్జర్ ఆగిపోతోంది.

సమాధానం: పాతకాలపు ఎస్‌ఎంపీఎస్‌లు చాలావరకు 5, 12 వోల్టులను కలిపి నియంత్రిస్తాయి. 5 వోల్టుల వైపు లోడ్ ఏమీ లేకపోతే 12 కిందికి జారుతుంది. 5 వోల్టుల ఎరుపు తీగకూ నల్ల తీగకూ మధ్య 10 ఓమ్‌ల, 10 వాట్ల సిమెంటు రెసిస్టర్ పెట్టి చూడండి. అది అర ఆంపియర్ తీసుకుని వేడెక్కుతుంది కనుక ప్లాస్టిక్‌కు తగలకుండా బిగించండి.

మరొక సభ్యుడు: ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం విప్పకండి. లోపలి కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు, ప్లగ్ తీసినా వెంటనే పోదు. ఎర్త్ ఉన్న మూడు పిన్నుల సాకెట్‌లోనే పెట్టండి. ఇలాంటి ఛార్జర్లలో చాలావాటికి లోపలికి వచ్చే వైపు, బయటకు వెళ్లే వైపు విద్యుత్ పరంగా విడివిడిగా ఉండవు కనుక, ఛార్జ్ అవుతున్న రెండు బ్యాటరీల తీగలు ఒకదానికొకటి తగలనివ్వకండి. నేనైతే బ్యాటరీలను ఇసుక పోసిన మట్టి మూకుళ్లలో ఉంచి, పక్కనే కూర్చుని ఛార్జ్ చేస్తాను.