కేపీ 6 అన్న రోజు తుఫాను రాలేదు, ప్రశాంతమన్న రోజు బ్యాండ్ మూగబోయింది: సౌర సూచనను ఎలా చదవాలి?

ప్రశ్న (కడప నుంచి)

నేను రెండేళ్లుగా హామ్ రేడియోలో (లైసెన్సుతో అభిరుచిగా నడిపే రేడియో), ఎక్కువగా 20 మీటర్ల బ్యాండ్‌పై, అంటే సుమారు 20 మీటర్ల తరంగదైర్ఘ్యమున్న తరంగాలపై, మాట్లాడుతున్నాను. సూర్యుడి గురించి, భూ అయస్కాంత పరిస్థితి గురించి వెలువడే మూడు రోజుల సూచనను ప్రతి ఉదయం చూస్తాను. ఒకరోజు కేపీ (భూ అయస్కాంత కలతను 0 నుంచి 9 వరకు చూపే సూచిక) 6 వరకు, అంటే జీ1 నుంచి జీ5 వరకున్న తుఫాను మెట్లలో జీ2 స్థాయి తుఫాను ఉంటుందని చూసి ఆ సాయంత్రపు కార్యక్రమాన్ని మానుకున్నాను. తీరా కేపీ 3 దాటలేదు. మరో వారం, ప్రశాంతమని రాసిన రోజునే, మధ్యాహ్నం బ్యాండ్ ఒక్కసారిగా మూగబోయి ముప్పావు గంటకు గాని కోలుకోలేదు. ఈ సూచనను ఎంతవరకు నమ్మాలో అనుభవజ్ఞులు చెప్పగలరు.

జవాబు 1 (హైదరాబాద్ నుంచి)

మీరు చెప్పిన రెండు సంఘటనల కారణాలు వేరండీ. మధ్యాహ్నం జరిగింది సౌరజ్వాల ప్రభావం. జ్వాల నుంచి వచ్చే ఎక్స్ కిరణాలు కాంతితో పాటే ఎనిమిది నిమిషాల్లో చేరి, పగలున్న వైపు అయనోస్ఫియర్‌లోని (పై వాతావరణంలో విద్యుదావేశమున్న భాగం) అడుగుదైన డీ పొరను చిక్కబరుస్తాయి, అది మన రేడియో తరంగాలను పీల్చేస్తుంది కాబట్టి, జ్వాల కనబడేసరికే బ్యాండ్ పోయి ఉంటుంది. అందుకే సూచనలో జ్వాలలకు శాతాలు మాత్రమే ఇస్తారు. ఆర్3 (రేడియో మూగబోయే తీవ్రతలో మూడో మెట్టు) అవకాశం 5 శాతం అని ఉన్న రోజున కూడా అన్నిటికన్నా బలమైన ఎక్స్ తరగతి జ్వాల రావచ్చు. అలాంటప్పుడు పౌనఃపున్యం ఎక్కువుండే 15 లేదా 10 మీటర్ల బ్యాండ్లకు మారి చూడండి, ఎందుకంటే పౌనఃపున్యం పెరిగేకొద్దీ ఈ శోషణ తగ్గుతుంది.

జవాబు 2 (నెల్లూరు నుంచి)

రాని తుఫాను సంగతి నేను చెబుతాను. సూర్యుడి నుంచి విడుదలైన ద్రవ్యరాశి ఒకటి నుంచి మూడు రోజులు ప్రయాణిస్తుంది. అది ఎప్పుడు చేరుతుందన్న అంచనాలో పది గంటల తేడా మామూలే. అంతకన్నా పెద్ద చిక్కు, అది మోసుకొచ్చే అయస్కాంత క్షేత్రం దక్షిణ దిశగా ఉంటేనే తుఫాను బలపడుతుంది, ఆ దిశ సూర్యుడి దగ్గర ఉండగా మనకు తెలియదు. భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, సూర్యుడి వైపున ఉన్న ఎల్1 అనే బిందువు వద్ద ఉన్న ఉపగ్రహాలను అది తాకినప్పుడే తెలుస్తుంది. మా శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబరు 2న బయలుదేరిన ఆదిత్య-ఎల్1 కూడా అక్కడే ఉండి దాన్ని కొలుస్తోందని చెప్పడం నాకు ఎంతో సంతోషం. సౌరపవనం (సూర్యుడి నుంచి వీచే కణాల ప్రవాహం) సెకనుకు 400 కిలోమీటర్ల వేగంతో వస్తే మనకు సుమారు గంట, 800 అయితే అరగంట వ్యవధి మాత్రమే దొరుకుతుంది. అందువల్ల కార్యక్రమాన్ని ముందురోజే మానుకోకుండా, ఆ గంట ముందు బీజెడ్ విలువ (ఆ క్షేత్రపు ఉత్తర-దక్షిణ దిశను చూపేది, రుణాత్మకమైతే దక్షిణం) బాగా రుణాత్మకంగా మారిందో లేదో చూసి నిర్ణయించుకోండి.

అంచనా రెండో వైపుకూ తప్పవచ్చు. 2024 మే 9న జీ4 హెచ్చరిక ఇచ్చారు, 2005 తర్వాత అదే మొదటిది. మర్నాడు వచ్చింది జీ5, లడఖ్‌లోని హాన్లేలో ఆకాశం ధ్రువకాంతితో ఎర్రబడింది.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలండీ. కేపీ 6 అన్నది మన ప్రాంతానికీ అలాగే వర్తిస్తుందా?

జవాబు 3 (విశాఖపట్నం నుంచి)

అలాగే వర్తించదు. కేపీని లెక్కించే 13 పరిశీలన కేంద్రాల్లో ఒక్కటీ భారత్‌లో లేదు. అవన్నీ భూమధ్యరేఖకు చాలా దూరంలో ఉన్నవే. ఐరోపాతో, ఉత్తర అమెరికాతో మాట్లాడేటప్పుడు మాత్రం మన తరంగాలు ఆ అక్షాంశాల మీదుగా పోతాయి కాబట్టి ఆ సంఖ్య పనికొస్తుంది. ఇంకొకటి, సూచన పట్టికలోని మూడు గంటల విభాగాలు యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంటాయి. 12 నుంచి 15 వరకు అని ఉంటే మనకు సాయంత్రం 5.30 నుంచి రాత్రి 8.30 వరకు అని చదువుకోవాలి.