నాలుగేళ్లు వరసగా కప్పు కొట్టిన ఓక్లహోమా యూనివర్సిటీ సాఫ్ట్‌బాల్ టీమ్ పని అయిపోయినట్టేనా? కోచ్ ప్యాటీ గ్యాసో గురించి తెలిసినవాళ్లు చెప్పండి

ఫ్రిస్కో నాన్న

అందరికీ నమస్కారం. మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. మా అమ్మాయి రెండు మూడేళ్లుగా ట్రావెల్ బాల్ (ఊరూరా తిరిగి ఆడే క్లబ్ సాఫ్ట్‌బాల్) ఆడుతోంది, వీకెండ్ వస్తే కారు డిక్కీ నిండా బ్యాట్లూ బకెట్లే, తెలుగు అసోసియేషన్ ఫంక్షన్లు అన్నీ పోయాయి. నాకు తెలిసింది క్రికెట్ ఒక్కటే. ఇక్కడికొచ్చాక దానికోసం ఈ ఆట నేర్చుకుంటున్నాను. దాని గది గోడ మీద ఓక్లహోమా టీమ్ పోస్టరే ఉంది, టెక్సాస్‌లో పెరుగుతూ ఇదేం పైత్యమో నాకు అర్థం కాదు.

విషయం ఏంటంటే, ఓక్లహోమా 2021, 22, 23, 24 వరసగా నాలుగుసార్లు నేషనల్ టైటిల్ కొట్టింది, 2025లో మాత్రం సెమీస్‌లో టెక్సస్ టెక్ చేతిలో ఓడిపోయింది. మా ట్రావెల్ టీమ్ పేరెంట్స్ కొందరు "ఇక గ్యాసో టైమ్ అయిపోయింది, ఇప్పుడంతా డబ్బు ఆట" అంటున్నారు. నిజంగా అంతేనా? అసలు ఇన్నేళ్లూ గెలిచింది కోచ్ గొప్పతనం వల్లా, లేక మంచి పిల్లలంతా ఆ ఒక్క చోటికే వెళ్లడం వల్లా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా రాయండి, వికీపీడియా లింకులు వద్దు ప్లీజ్.

నార్మన్ వాసి

అన్నా, నేను ఓయూలోనే మాస్టర్స్ చేశాను (మన ఉస్మానియా కాదు, ఓక్లహోమా యూనివర్సిటీని కూడా ఇక్కడ ఓయూ అనే అంటారు), ఇప్పటికీ నార్మన్‌లోనే ఉంటున్నాను, కాబట్టి నాది ఏకపక్షమే, ముందే చెప్తున్నా.

"మంచి పిల్లలంతా అక్కడికే వెళ్తారు" అనేది ఈ పదేళ్ల సంగతి. ఆవిడ 1995లో కాలిఫోర్నియా నుంచి ఇక్కడికొచ్చారు. అంతకుముందు లాంగ్ బీచ్ సిటీ కాలేజీలో, అంటే రెండేళ్ల జూనియర్ కాలేజీలో కోచ్. వచ్చేసరికి ఇక్కడ టీమ్‌కి సొంత గ్రౌండే లేదు. నార్మన్‌లో రీవ్స్ పార్క్ అని ఊరి పబ్లిక్ పార్క్ ఉంటుంది, అందులో ఆడేవాళ్లు. రాత్రి అక్కడ పెద్దవాళ్ల లీగులు జరుగుతాయి, ప్రాక్టీస్‌కి ముందు వాళ్లు పారేసిన బీరు డబ్బాలు, చెత్తా ఏరుకుని మొదలుపెట్టేవాళ్లమని ఆవిడే చాలాసార్లు చెప్పారు. క్యాంపస్‌లో మరీటా హైన్స్ ఫీల్డ్ 1998లో గానీ రాలేదు. ఆ తర్వాత రెండేళ్లకే, 2000లో, యూసీఎల్‌ఏని 3-1తో ఓడించి మొదటి టైటిల్. అప్పట్లో సాఫ్ట్‌బాల్ అంటే యూసీఎల్‌ఏ, అరిజోనానే, మధ్య రాష్ట్రాల టీమ్‌ని ఎవరూ లెక్కలోకి తీసుకునేవాళ్లు కాదు.

ఎవరూ పట్టించుకోనిది, నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించేది ఆ తర్వాతి కథ. రెండో టైటిల్ ఎప్పుడొచ్చిందో తెలుసా? 2013లో. మధ్యలో 2005 నుంచి 2010 దాకా అసలు వరల్డ్ సిరీస్‌కే, అంటే చివరి ఎనిమిది టీముల్లోకే, రాలేదు. వరల్డ్ సిరీస్ జరిగేదేమో పక్కనే ఓక్లహోమా సిటీలో, ఇక్కణ్ణుంచి అరగంట డ్రైవ్. ఇంటి పక్కన పెళ్లి జరుగుతుంటే పిలుపు రానట్టు ఉండేది పరిస్థితి. ఇవాళ ఏ పెద్ద ప్రోగ్రామ్‌లోనైనా కోచ్ ఆరేళ్లు అలా ఖాళీగా ఉంటే ఉంచుతారా? 2012లో ఫైనల్‌కి వచ్చి అలబామా చేతిలో ఓడారు, మరుసటి ఏడాది 2013లో కైలానీ రికెట్స్ పిచింగ్‌తో (మన బౌలింగ్ లాంటిది) కొట్టారు. తర్వాత 2016, 2017. 2017 ఫైనల్ మొదటి గేమ్ ఫ్లోరిడాతో 17 ఇన్నింగ్స్ పోయింది, మామూలుగా ఏడు ఇన్నింగ్సే ఉంటాయి, అదీ సంగతి.

కాబట్టి ఒక్క సెమీస్ ఓటమితో పని అయిపోయిందంటే నాకు నవ్వొస్తుంది.

ఆస్టిన్ లాంగ్‌హార్న్

నార్మన్ బ్రో చెప్పిన చరిత్ర అంతా నిజమే, కాదనను. కానీ చరిత్ర చూసి మురిసిపోతే కుదరదు. నేను టెక్సస్ (ఆస్టిన్‌లో ఉన్న యూనివర్సిటీ) ఫ్యాన్‌ని. 2022లో మీ చేతిలో ఫైనల్ ఓడాం, 2024లో మళ్లీ ఓడాం, 2025లో మేం కొట్టాం, మాకు అదే మొదటి టైటిల్. మా కోచ్ మైక్ వైట్ కూడా తక్కువవాడేం కాదు.

ఫ్రిస్కో అన్న అడిగిన డబ్బు విషయం అయితే నిజం. టెక్సస్ టెక్ వాళ్లు నైజరీ కెనడీ అనే పిచర్‌ని స్టాన్‌ఫర్డ్ నుంచి తెచ్చుకోడానికి పది లక్షల డాలర్లు దాటిన డీల్ ఇచ్చారు, ఒక్క సీజన్‌కి. సాఫ్ట్‌బాల్‌లో అంతకుముందు విన్నామా ఇలాంటిది? ఆ అమ్మాయే మీ వాళ్లని సెమీస్‌లో ఆపింది. (ఫైనల్ మొదటి గేమ్‌లో మా రీస్ ఆట్‌వుడ్‌కి కావాలని వాక్ (బ్యాటర్‌ని కొట్టనివ్వకుండా ఊరికే మొదటి బేస్‌కి పంపడం) ఇవ్వబోయి, బంతి అందేంత దగ్గరగా వేసి, దాని మీదే రెండు రన్స్ ఇచ్చుకుంది, 2-1తో గెలిచాం. అది చూసి మా రూమ్‌లో కుర్చీలు ఎగిరాయి.)

ఇంకో తమాషా. 2023, 24 కలిపి ఓక్లహోమా వరసగా 71 మ్యాచులు గెలిచింది కదా, ఆ వరసకి బ్రేక్ వేసింది లూసియానా టీమ్, 2024 మార్చిలో, అదీ ఓక్లహోమా కొత్త స్టేడియం ఓపెన్ చేసిన వారాంతంలోనే. అప్పుడు లూసియానా కోచ్ జెర్రీ గ్లాస్కో. 2025లో టెక్సస్ టెక్ కోచ్ కూడా ఆయనే! మనిషి మారలేదు, జీతాలిచ్చే చోటు మారింది. ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (ఆటగాళ్లు కాలేజీ మారే పద్ధతి) వచ్చాక ఎవరు ఎక్కడికైనా వెళ్లొచ్చు, ఒకే చోట నాలుగేళ్లు పెంచి గెలిచే రోజులు పోయాయి. గ్యాసో గొప్ప కోచే, కానీ వరసగా నాలుగు ఇంకెవరికీ రావు, ఆవిడకీ రావు.

పీఈటీ మేడమ్

నేను చదువుకునే రోజుల్లో యూనివర్సిటీ టీమ్‌కి క్యాచర్‌గా (మన వికెట్ కీపర్ లాంటిది) ఆడాను, ఇప్పుడు స్కూల్లో పిల్లలకి నేర్పిస్తున్నాను. మన స్కూల్ గేమ్స్‌లో సాఫ్ట్‌బాల్ ఉందని చాలామంది తెలుగువాళ్లకే తెలియదు, సర్టిఫికెట్ కోసం ఆడే ఆటగా మిగిలిపోయింది, ఆ ఏడుపు ఇంకోసారి.

ఫ్రిస్కో అన్నయ్యగారూ, మీరు క్రికెట్ చూస్తారు కాబట్టి ఒకటి చెప్తాను. సాఫ్ట్‌బాల్‌లో పిచర్ చెయ్యి కింద నుంచి గుండ్రంగా తిప్పి వేస్తుంది, దూరం 43 అడుగులే. ఓవర్ల లెక్క లేదు, కోటా లేదు, ఒకే అమ్మాయి మ్యాచ్ మొత్తం వేసి మర్నాడు మళ్లీ వేయొచ్చు. అందుకే కాలేజీ సాఫ్ట్‌బాల్‌లో చాలాకాలం లెక్క ఒకటే, ఒక్క గొప్ప పిచర్ దొరికితే ఆ అమ్మాయి భుజం మీద టైటిల్ దాకా వెళ్లిపోవచ్చు. 2013లో గ్యాసో కూడా దాదాపు అలాగే రికెట్స్ పిచింగ్‌ని నమ్ముకుని గెలిచారు.

2021 నుంచి ఆవిడ చేసింది వేరు. ముందు బ్యాటింగ్. 2021లో ఆ టీమ్ 161 హోమ్ రన్లు కొట్టింది, అది అప్పటికి ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ ఆటల సంస్థ) రికార్డు. జోస్లిన్ ఆలో కెరీర్‌లో 122, అంతకుముందు రికార్డు 95, అది కూడా ఓక్లహోమా అమ్మాయి లారెన్ ఛాంబర్లిన్‌దే. ఆ ఏడాది వరల్డ్ సిరీస్ మొదటి మ్యాచ్‌లోనే జేమ్స్ మాడిసన్ అనే చిన్న టీమ్ చేతిలో ఓడిపోయి, కింది బ్రాకెట్ (ఒకసారి ఓడినవాళ్లు ఆడేది) నుంచి ఎక్కివచ్చి కప్పు కొట్టారు. తర్వాత పిచింగ్ పంచేశారు. 2023లో జోర్డీ బాల్, నికోల్ మే, మిషిగన్ నుంచి వచ్చిన అలెక్స్ స్టొరాకో, ముగ్గురూ వేరే ఏ టీమ్‌లోనైనా మొదటి పిచర్లే. ఆ ఏడాది 61 గెలుపులు, ఒక్క ఓటమి. ఎదుటి బ్యాటర్లు ఒక చేతికి అలవాటు పడేలోపు ఇంకో చెయ్యి వచ్చేది. క్యాచర్‌గా చెప్తున్నా, స్పీడు చూసి భయపడరు బ్యాటర్లు, లయ మారితే ఇబ్బంది పడతారు.

ఇంకోటి, లాంగ్‌హార్న్ తమ్ముడూ, పోర్టల్ వల్ల ఆవిడ నష్టపోయారంటావేంటి? స్టొరాకో పోర్టల్ నుంచే. 2024 ఫైనల్స్‌లో మీ వాళ్లని ముంచిన కెల్లీ మాక్స్‌వెల్ ఎవరు? పక్క ఊరి ప్రత్యర్థి ఓక్లహోమా స్టేట్ నుంచి వచ్చిన పిల్లే కదా. అదే దారిలో జోర్డీ బాల్ నెబ్రాస్కాకి వెళ్లిపోయింది కూడా. వచ్చేవాళ్లు వస్తారు, పోయేవాళ్లు పోతారు, ఆ మధ్యలో టీమ్‌ని ఒకటిగా ఉంచడమే ఇప్పుడు కోచ్ పని.

నార్మన్ వాసి

మేడమ్ గారు అన్నదానికి ఇంకొంచెం. 2024 తర్వాత జేడా కోల్మన్, టియారే జెన్నింగ్స్, కిన్జీ హాన్సెన్, ఆ బ్యాచ్ మొత్తం వెళ్లిపోయింది, మాక్స్‌వెల్ కూడా. అదే సంవత్సరం బిగ్ 12 అనే కాలేజీల లీగ్ వదిలి ఎస్‌ఈసీ అనే ఇంకో లీగ్‌లోకి మారారు, అంటే ప్రతి వారం గట్టి టీమే. దాదాపు కొత్త టీమ్‌తో వెళ్లి మొదటి ఏడాదే ఎస్‌ఈసీ రెగ్యులర్ సీజన్ గెలిచారు. వరల్డ్ సిరీస్‌లో టెన్నెస్సీ మీద చివరి ఇన్నింగ్స్‌లో ఎల్లా పార్కర్ మూడు రన్ల హోమర్‌తో 4-3. ఆ సెమీస్ కూడా 0-2 మీద ఉండి ఆఖరి ఇన్నింగ్స్‌లో ఆబిగేల్ డేటన్ హోమర్‌తో సమం చేసి, అదే ఇన్నింగ్స్ రెండో సగంలో సాక్రిఫైస్ ఫ్లైకి (బ్యాటర్ క్యాచ్ అవుటైనా రన్ వచ్చే షాట్) 3-2తో పోయింది. దీన్ని పతనం అంటే ఇంకేం మాట్లాడాలి. మొదటి పిచర్ సామ్ లాండ్రీ ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పనా లాంగ్‌హార్న్ బ్రో? లూసియానా నుంచి. గ్లాస్కో దగ్గరే ఆడింది.

ఆస్టిన్ లాంగ్‌హార్న్

సరే సరే, ఒప్పుకున్నా, పతనం అనే మాట వెనక్కి తీసుకుంటా. కానీ కప్పు మాత్రం ఆస్టిన్‌కే వచ్చింది 😄

ఫ్రిస్కో నాన్న

అబ్బో, ఇంత సమాచారం వస్తుందనుకోలేదు, అందరికీ థ్యాంక్స్. ఆ 2005-2010 సంగతి మా ట్రావెల్ టీమ్ పేరెంట్స్‌కి చెప్పాలి, ఒక్క టోర్నమెంట్ ఓడితే కోచ్‌ని మార్చేద్దాం అంటారు. ఇంకొక్కటి, మా అమ్మాయి ఏడో క్లాసు, ఇప్పుడే గ్యాసో క్యాంపుకి పంపిస్తే వాళ్ల కంట్లో పడుతుందని ఒకాయన గట్టిగా చెప్తున్నాడు. ఉపయోగం ఉంటుందా?

నార్మన్ వాసి

పంపించండి, నేర్చుకుంటుంది, ఆ స్టేడియం చూసి సంతోషపడుతుంది. కంట్లో పడటం అనే లెక్క మాత్రం పెట్టుకోకండి. రూల్ ప్రకారం కాలేజీ కోచ్‌లు పదకొండో క్లాసు సెప్టెంబర్ 1 దాకా రిక్రూటింగ్ గురించి పిల్లలతో మాట్లాడకూడదు, ఈలోపు "నాకు ఆ కోచ్ తెలుసు" అని ఎవరైనా డబ్బులడిగితే దండం పెట్టి వచ్చేయండి. పైగా కాలేజీలే ఆటగాళ్లకి డబ్బులివ్వొచ్చు అన్న కోర్టు సెటిల్‌మెంట్ తర్వాత, ఆ డబ్బులు పంచే పెద్ద కాలేజీల్లో టీమ్‌కి 25 మందే పరిమితి, పోటీ ఇంకా పెరిగింది.

వీలైతే మే చివర్లో ఓక్లహోమా సిటీకి వరల్డ్ సిరీస్‌కి తీసుకురండి, అది జరిగే డెవన్ పార్క్ డాలస్ నుంచి మూడు మూడున్నర గంటలు. 2028 ఒలింపిక్స్ పేరుకి లాస్ ఏంజెలెస్‌వే అయినా సాఫ్ట్‌బాల్ ఇక్కడే పెడుతున్నారు, అమెరికా టీమ్ కోచ్ కూడా గ్యాసోనే. టికెట్ల సంగతి ముందే చూసుకోండి, మా ఇంట్లో రెండు గదులు ఖాళీ, లాంగ్‌హార్న్ బ్రో వస్తే మాత్రం సోఫానే.